అగరు అను పేరుగల స్త్రీ
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



 శతవార్షికోత్సవము జరుపుకొనే ఈ దినములలో గుడులు కట్టించినవారిని, బడులు పెట్టించినవారిని, ఆసుపత్రులు నెలకొల్పినవారిని మనము జ్ఞాపకము చేసుకొనుచున్నాము. అది న్యాయమే. అయితే నాకు ఈ దినమున ఇచ్చిన అంశము వేరు. ఆస్తిగల స్త్రీ దేవుని రాజ్యమునకు ఏమి చేయగలదు అన్నది ఆ అంశము.

లూకా సువార్త 8వ అధ్యాయము మొదట మనము తరచుగా త్వరత్వరగా చదివి దాటిపోయే కొన్ని వచనములున్నవి. ప్రభువు ఊరూరా సంచరించుచుండగా ఆయనతో పండ్రెండుమంది శిష్యులేగాక కొందరు స్త్రీలు కూడ ఉన్నారు. వారిలో యోహన్న ఒకతె. ఆమె భర్త హేరోదు కొలువులో గృహనిర్వాహకుడు. అంటే రాజుగారి ఇంటి ఉప్పు తిన్న కుటుంబము. ఆ స్త్రీలు తమకు కలిగిన దానితో ప్రభువునకు, శిష్యులకు ఉపచారము చేసిరని లూకా వ్రాశాడు. ఆలోచించండి. హేరోదు కొలువులో సంపాదించిన సొమ్ము గలిలయ పల్లెలలో సువార్తకు దారి ఖర్చయినది. సొమ్ము ఎక్కడ నుండి వచ్చినదో దేవునికి తెలియును. అది ఎక్కడికి పోవలెనో చెప్పుటకు ఆయన ఒక స్త్రీని పిలిచాడు.

అటువంటి యోహన్న ఒకతె మన దేశమునకు వచ్చినది. ఆమె పేరు షార్లెట్ మరియ టక్కర్. ఆమె మన డయోసీసులో పనిచేయలేదు. మన తెలుగు నేలమీద అడుగు పెట్టినట్లు నేనెక్కడా చదువలేదు. ఆమె పనిచేసినది దూరాన పంజాబులో. అయినను మన నూరేండ్ల పండుగలో ఆమె కథ మనము వినదగినదని నా నమ్మకము. ఎందుకో చివరకు మీకే తెలియును.

పెద్దింటి పిల్ల

షార్లెట్ 1821 మే 8వ తేదీన ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ సెయింట్ జార్జ్ టక్కర్ గారు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా బెంగాలులో చాలకాలము పనిచేసి, లెక్కల శాఖలో పేరు సంపాదించి, స్వదేశమునకు తిరిగి వెళ్లిన తరువాత కంపెనీ డైరెక్టరై, 1834లో ఒకసారి, 1847లో మరొకసారి ఆ కంపెనీకి ఛైర్మనుగా ఉన్నారు. ఆ దినములలో కంపెనీ ఛైర్మను అంటే సామాన్యమైన మాట కాదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా రాజధానుల మీద, మన ఉత్తర సర్కారుల మీద, దత్తమండలముల మీద పెత్తనము చేసిన కంపెనీ అది.

లండను నగరములో అప్పర్ పోర్ట్‌లండ్ ప్లేసు అనే ధనికుల వీధిలో వారి ఇల్లు. నిండైన కుటుంబము, నౌకర్లు, విందులు, వచ్చిపోయే పెద్దమనుషులు. షార్లెట్‌కు ఆటపాటలన్నను, పద్యములల్లుట అన్నను, నాటకములు వ్రాసి అన్నదమ్ములతో అక్కచెల్లెండ్రతో ఆడుట అన్నను చిన్నప్పటి నుండి ఇష్టము. తండ్రి కూడ నాటకములు వ్రాసినవారే. కలము ఆ ఇంట పరాయి వస్తువు కాదు.

ఒక మాట ఇక్కడ దాచకుండా చెప్పుకోవలెను. ఆ ఇంటి సంపద ఎక్కడిది? చాల వరకు ఈ దేశపు కొలువు వలన వచ్చినది. మన రైతు కట్టిన శిస్తులో నుండి కంపెనీ జీతములు నడచినవి. షార్లెట్ పెరిగిన ఇంటి తివాచీల క్రింద హిందూదేశపు మట్టి ఉన్నదనుకొంటే తప్పులేదు. ఈ మాట నిష్ఠూరముగా అనుట లేదు. యోహన్న సంగతి ముందుగా చెప్పినది ఇందుకే. ఒక మనిషి తాను పుట్టిన ఇంటిని ఎన్నుకొనలేదు. ఆ ఇంటి నుండి వచ్చిన దానితో ఏమి చేయవలెనో మాత్రము ఎన్నుకొనగలదు.

1847లో ఆమె అన్నగారైన రాబర్ట్ టక్కర్ గారి పిల్లలు ముగ్గురు ఆ ఇంటికి వచ్చారు. రాబర్ట్ గారు హిందూదేశములో న్యాయాధిపతి. ఎండలకు, జబ్బులకు భయపడి ఇక్కడి ఆంగ్లేయులు పిల్లలను స్వదేశమునకు పంపివేయుట ఆ కాలపు వాడుక. ఆ ముగ్గురు పిల్లలకు చదువు చెప్పే భారము పెండ్లికాని మేనత్త షార్లెట్ తన మీద వేసుకొన్నారు. వారికి చెప్పుటకని కొన్ని కథలు వ్రాశారు. ఇదియే ఆమె రచనకు మొదలు. గొప్ప రచయిత్రిని కావలెనని కలము పట్టలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, వారికి మంచి మాట చెప్పవలెను, అందుకు పట్టారు.

పేరు చెప్పుకొనని రచయిత్రి

1851లో తండ్రి మరణించారు. మరుసటి సంవత్సరము, అంటే 1852లో, క్లేర్‌మాంట్ కథలు అనే ఆమె మొదటి పుస్తకము వెలువడినది. ఆ పుస్తకమునకు ఆమె ప్రతిఫలము కోరలేదు, అట్టమీద తన పేరు వేయించుకొనలేదు. తరువాత వచ్చిన పుస్తకముల మీద ఎ, ఎల్, ఓ, ఇ అను నాలుగు ఇంగ్లీషు అక్షరములు మాత్రము ఉండేవి. ఇంగ్లండు దేశపు ఒక స్త్రీ అని వాటికి అర్థము. అంతే. ఊరు లేదు, పేరు లేదు, వంశము లేదు. ఆ నాలుగక్షరములు కలిపి చదివితే ఇంగ్లీషులో ఆలో అనే మాట అగును. మన తెలుగు బైబిలులో దానిని అగరు అన్నారు. పరిమళ ద్రవ్యము. ఈ మాట మనస్సులో ఉంచుకొనండి. దీని పని మరల ఉన్నది.

ఆ పేరుతో ఆమె తన జీవితకాలములో 140కి పైగా పుస్తకములు వ్రాశారు. నవలలు, పిల్లల కథలు, బైబిలు చరిత్ర కథలు, పద్యములు, కీర్తనలు. ఆ కాలపు ఇంగ్లండులో ఆదివారపు బడులలో ఆ అక్షరములు తెలియని పిల్లలు అరుదు. కథలు ఎట్లుండేవో రెండు మాటలలో చెప్పెదను. 1857లో వచ్చిన ఒక పుస్తకములో కథ చెప్పేది ఒక ఎలుక. లండను గోదాములలో తిరిగే ఎలుక కంటికి, చలిలో ఆకలితో తిరిగే దిక్కులేని పిల్లలు కనబడతారు. ధనికుల ఇండ్ల పిల్లలు ఆ పుస్తకము చదివి ఎలుక చేష్టలకు నవ్వుకొంటూనే, తమ వీధి చివర ఉన్న బీదపిల్లవానిని చూడగలిగారు. ఇంకొక కథలో సూది మాట్లాడుతుంది. మరొక దానిలో సోమరితనము, స్వార్థము, అబద్ధము, ద్వేషము, గర్వము అనేవి రాక్షసులై వస్తే పిల్లలు వాటితో యుద్ధము చేస్తారు. మన అమ్మమ్మలు చెప్పే రాక్షసుల కథల వంటివే, కాని ఆ రాక్షసుడు మన లోపలనే ఉన్నాడని చివరకు తెలియును.

నేటి పాఠకునికి ఆ పుస్తకములలో నీతిబోధ పాలు ఎక్కువగా తోచవచ్చును. కథ నడుమ రచయిత్రి ఆగి పాఠము చెప్పుట మనకు రుచించకపోవచ్చును. సాహిత్య చరిత్రలో ఆమెకు పెద్ద పీట వేసినవారు తక్కువ. ఇది ఉన్నమాట. అయితే ఆమె పెద్ద పీట కోరలేదు. పుస్తకములపై వచ్చిన సొమ్మును ధర్మకార్యములకు ఇచ్చివేశారు. వారమునకు కొన్ని గంటలు మేరిలెబోన్ పేటలోని వర్క్‌హౌసునకు వెళ్లేవారు. పని లేనివారిని, ముసలివారిని, రోగులను, దిక్కులేని ఆడవారిని పెట్టి ఉంచే బీదల నిలయమది. పోర్ట్‌లండ్ ప్లేసు నుండి అక్కడికి దూరము తక్కువే. ధనికులలో చాలమంది జీవితకాలములో నడువని దూరము అది.

1857

ఇప్పుడు ఆ ఇంటికి వచ్చిన దుఃఖము చెప్పవలెను. 1857 సంవత్సరము మనమందరము చరిత్ర పుస్తకములలో చదివినదే. సిపాయిల తిరుగుబాటని ఆంగ్లేయులు వ్రాసిరి. స్వాతంత్ర్య సంగ్రామమని మనవారు వ్రాసిరి. ఆ సంవత్సరము జూన్ నెలలో ఫతేపూరులో న్యాయాధిపతిగా ఉన్న రాబర్ట్ టక్కర్ గారు చంపబడ్డారు. షార్లెట్ అన్న ఆయన. ఆమె పెంచుచున్న పిల్లల తండ్రి.

ఆ వార్త లండనుకు చేరిన దినములలో ఇంగ్లండు అంతటా పగ, పగ అనే మాట తప్ప వేరొకటి వినబడలేదు. పత్రికలు అదే వ్రాసినవి. ఈ దేశములో ఆంగ్లేయ సైన్యము తీర్చుకొన్న పగను కూడ చరిత్ర దాచలేదు. ఊళ్లకు ఊళ్లు కాల్చబడినవి, చెట్లకు మనుషులను ఉరితీశారు. రెండు వైపుల రక్తము కారినది. అన్నను పోగొట్టుకొన్న ఒక స్త్రీ ఈ దేశము పేరు వినుటకే ఇష్టపడకపోయినా లోకము ఆమెను తప్పుపట్టేది కాదు.

18 సంవత్సరముల తరువాత ఆమె ఈ దేశమునకు వచ్చారు. ఏ భాష మాట్లాడేవారు తన అన్నను చంపారో ఆ హిందూస్థానీ భాషను అక్షరము అక్షరము నేర్చుకొని వచ్చారు. క్షమాపణ మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. పగవాని భాష నేర్చుకొనుట కంటె గొప్ప క్షమాపణ ప్రసంగము నాకు తెలియదు.

యాభైనాలుగవ ఏట

1869లో తల్లి మరణించారు. పాత ఇల్లు చెదరిపోయినది. అప్పటికి షార్లెట్ వయస్సు 48. ఆస్తిగల అవివాహిత స్త్రీకి ఆ కాలములో ఎదురుగా ఉన్న మార్గము సుఖమైనదే. తమ్ముని ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో గౌరవముగా ఉండి, పుస్తకములు వ్రాసికొనుచు, విరాళములిచ్చుచు, చివరిదాక గడపవచ్చును. ఎవరూ తప్పనరు. పైగా ధర్మాత్మురాలంటారు.

1875లో, తన 54వ ఏట, ఆమె మిషనరీగా ఓడ ఎక్కారు. ఆ వయస్సులో ఇక్కడ పనిచేసి అలసిన మిషనరీలు ఇంటికి ఓడ ఎక్కేవారు. ఏ మిషను కూడ ఆ వయస్సు వారిని జీతమిచ్చి పంపదు. ఆమె జీతము అడుగలేదు. తన ఖర్చు తానే పెట్టుకొని గౌరవ మిషనరీగా వచ్చారు. మిషను సొమ్ములో ఒక రూపాయి తన మీద ఖర్చు కానివ్వకూడదని ఆమె నియమము.

ఇక్కడ స్త్రీల మైత్రి సహోదరీలు ఒక సంగతి గమనింపవలెను. డబ్బు పంపుట వేరు, తాను రావటము వేరు. ఆమె లండనులో కూర్చుండి తన పుస్తకముల ఆదాయము పంజాబుకు పంపియుంటే ఎంతో మేలు జరిగేది. ఎందరో పిల్లల చదువు సాగేది. అయినను ఆమె లెక్కలో అది సరిపోలేదు. కలమును ఇచ్చారు, సొమ్మును ఇచ్చారు, మిగిలినది ఒళ్లు. అది కూడ ఇచ్చివేశారు.

బటాలా

మొదట అమృతసరములో కొంతకాలముండి, 1876 చివర అక్కడికి ఈశాన్యముగా సుమారు 38 కిలోమీటర్ల దూరమున ఉన్న బటాలా పట్టణమునకు వెళ్లారు. గురునానక్ గారి వివాహము జరిగిన ఊరని సిక్కులకు అది పవిత్రము. ముస్లిములు, హిందువులు, సిక్కులు కలిసియున్న పాత పట్టణము. ఇరుకు సందులు, ఎత్తు గోడలు, గోడల వెనుక పరదాలో స్త్రీలు. మగ మిషనరీ ఆ గడప దాటలేడు. వైద్యుడు కూడ దాటలేని ఇండ్లున్న కాలమది. ఆ లోపలి వాసమునే జెనానా అంటారు. డోలీలో కూర్చుండి ఇంటింటికి వెళ్లి, ఆ స్త్రీల దగ్గర చాపమీద కూర్చుండి, పటములు చూపి కథలు చెప్పుట మిస్ టక్కర్ గారి దినచర్య అయినది.

లండనులో ఎందరో చదివిన రచయిత్రి బటాలాలో ఒకరిద్దరు స్త్రీలకు తడబడే ఉర్దూలో కథ చెప్పుచున్నారు. కొన్ని ఇండ్లలో ఆదరించేవారు. కొన్ని ఇండ్లలో తలుపు తీయరు. ఎన్నో ఏండ్లు తిరిగినా బాప్తిస్మము పొందినవారి లెక్క చిన్నదే. పరదాలో ఉన్న స్త్రీ విశ్వసించినా బహిరంగముగా ఒప్పుకొనుట అంటే భర్తను, బిడ్డలను, ఇంటిని పోగొట్టుకొనుటే. ఆ కష్టము తెలిసినవారు గనుక ఆమె లెక్కలు చూచుకొనలేదు. విత్తుట తన పని, కోయుట రాబోవు వారి పని అని తిరిగారు.

బటాలాలో మహారాజా షేర్ సింగ్ గారి పాత రాజభవనము ఒకటున్నది. అనార్కలి అని పేరు. 1878లో రెవరెండ్ ఫ్రాన్సిస్ బేరింగ్ గారు అందులో క్రైస్తవ బాలుర కొరకు వసతి పాఠశాల ప్రారంభించారు. మిస్ టక్కర్ గారు కూడ ఆ భవనములోనే నివసించి ఆ బాలురకు పెద్దమ్మ వలె ఉన్నారు. వారి కొరకు పాటలు కట్టారు, వారి ఆటలు చూచారు, జబ్బు చేస్తే మంచము దగ్గర కూర్చున్నారు. ఊరిలోని క్రైస్తవేతర బాలుర కొరకు మిషను నాగలి అనే పేరుతో నడచిన మరొక బడికి కూడ తన సొమ్ముతో ఆసరా ఇచ్చారు. ఎంత మంచి పేరు! కోత అని పెట్టలేదు, పంట అని పెట్టలేదు, నాగలి అని పెట్టారు. అనార్కలి ఆవరణలో తరువాతి కాలమున బేరింగ్ యూనియన్ క్రైస్తవ కళాశాల వెలసినది.

కలము మాత్రము ఆగలేదు. ఇంగ్లండు పిల్లల కొరకు వ్రాసిన చేయి ఇప్పుడు ఈ దేశపు పాఠకుల కొరకు చిన్న చిన్న కథల పుస్తకములు వ్రాయసాగినది. పంజాబు వీధులు, బావులు, గాజులు, రొట్టెలు, అత్తాకోడండ్లు అందులోకి వచ్చారు. ఆమె ఇంగ్లీషులో వ్రాయగా వాటిని దేశభాషలలోనికి అనువదించి తక్కువ వెలకు అమ్మారు. తివాచీ మీద కూర్చుండి చదివేవారి కొరకు కాక, చాపమీద కూర్చుండి వినేవారి కొరకు వ్రాసిన పుస్తకములవి.

ఆమెలో లోపములు లేవా? ఉన్నవి. తన కాలపు ఆంగ్లేయులలో చాలమంది వలె ఆమె కూడ ఆంగ్ల ప్రభుత్వము దేవుడే ఈ దేశమునకు ఇచ్చిన ఏర్పాటని నమ్మినవారు. మన వాడుకలను, మన మతములను గూర్చి ఆమె వ్రాసిన కొన్ని మాటలు నేడు చదివితే మనకు నొప్పి కలుగును. పరిశుద్ధులను జ్ఞాపకము చేసుకొనుట అంటే వారి మచ్చలు తుడిచివేయుట కాదు. బైబిలు దావీదు మచ్చను దాచలేదు, పేతురు మచ్చను దాచలేదు. మచ్చలున్న మట్టికుండలోనే దేవుడు ధనము పెట్టును.

మన మచిలీపట్నముతో సంబంధము

ఇంతదూరపు కథలో మనకు ఒక దారపు కొస ఉన్నది. 1880లో స్త్రీల మధ్య పని కొరకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ జెనానా మిషనరీ సొసైటీ అను సంఘము ఏర్పడినది. మిస్ టక్కర్ గారు దానికి చెందినవారు. అదే సొసైటీ సహోదరీలు మన మచిలీపట్నములో కూడ పనిచేశారు. 1841లో రాబర్ట్ నోబుల్ గారు, హెన్రీ ఫాక్స్ గారు బందరులో దిగి తెలుగు మిషను ప్రారంభించిన సంగతి మనకందరికి తెలిసినదే. మగవారు బడి పెట్టగలిగారు. కాని బందరులోని పెద్దిండ్ల లోగిళ్లలోనికి పోవుటకు స్త్రీలే కావలసివచ్చినది. బటాలాలో మిస్ టక్కర్ గారి డోలీ ఏ పని మీద తిరిగినదో, మన బందరు వీధులలో ఆమె సహోదరీలు అదే పనిమీద తిరిగారు. మన అమ్మమ్మలలో అక్షరము వచ్చినవారిలో కొందరికైనా ఆ అక్షరము ఆ దారిన వచ్చినదే.

ఐదు రూపాయలు

మిస్ టక్కర్ గారు 18 ఏండ్లు ఈ దేశములో ఉన్నారు. ఒక్కసారి కూడ స్వదేశమునకు తిరిగి వెళ్లలేదు. 1893 డిసెంబరు 2వ తేదీన అమృతసరములో తన 72వ ఏట ప్రభువునందు నిద్రించారు. ఆమె కోరిక ప్రకారము శరీరమును బటాలాకు తెచ్చి అక్కడే సమాధి చేశారు.

తన భూస్థాపన గూర్చి ఆమె ముందుగానే ఉత్తరువు వ్రాసిపెట్టారు. పెట్టె వద్దు. ఖర్చు ఐదు రూపాయలకు మించకూడదు.

ఈస్టిండియా కంపెనీ ఛైర్మను కుమార్తె. 140కి పైగా పుస్తకముల రచయిత్రి. పెట్టె లేకుండ, ఐదు రూపాయలలో, పంజాబు పేదరాలి వలె మట్టిలో పెట్టబడ్డారు. తరువాత లాహోరు కెథీడ్రలులో ఆమె జ్ఞాపకార్థము ఒక ఫలకము పెట్టారు. అది పెట్టినది ఇతరులు. ఆమె కోరినది కాదు.

ఇప్పుడు ఆ అగరు మాట జ్ఞాపకము చేసుకొనండి. యోహాను సువార్త 19వ అధ్యాయములో మన ప్రభువు శరీరమును సమాధి చేయుటకు నీకొదేము బోళముతో కలిపిన అగరును సేర్ల కొద్ది తెచ్చాడు. ఆయన ధనికుడు, పెద్ద అధికారి. తనకున్న దానిలో నుండి తెచ్చి ప్రభువు మీద ఖర్చుపెట్టాడు. బేతనియ మరియ కూడ మూడువందల దేనారముల వెలగల అత్తరు ఆయన పాదముల మీదనే పోసినది. అగరు, అత్తరు, ఖర్చు, అన్నియు ఆయన కొరకే. అగరు అను పేరుగల ఈ స్త్రీ కూడ తన పరిమళమంతయు బ్రతికియుండగా ఆయన కొరకు ఖర్చుపెట్టి, తన సమాధికి ఐదు రూపాయలు చాలునన్నారు. ఇందులో పిసినారితనము లేదు. ఏది ఎక్కడ ఖర్చుపెట్టవలెనో తెలిసిన వివేకమిది.

మన సంగతి

ప్రియులారా, ఈ మాట చెప్పుట నాకు సులభము కాదు, అయినను సంఘ కాపరిగా చెప్పక తప్పదు. మన సంఘములలో చావు ఖర్చు పెరిగిపోవుచున్నది. భూస్థాపనకు వచ్చినవారికి భోజనములు, మూడవ దినము కూటమునకు భోజనములు, జ్ఞాపకార్థ కూటమునకు పందిరి, మైకు, పటములతో పెద్ద బోర్డులు, సంవత్సరము తిరుగకుండ పాలరాతి సమాధి. కలవారు చేస్తారు. వారిని చూచి లేనివారు చేస్తారు. తండ్రి సమాధికి అప్పుచేసి, ఆ అప్పు తీర్చలేక కూతురి కాలేజీ చదువు మాన్పించిన కుటుంబము నాకు తెలుసు. ఆ తండ్రి బ్రతికియుంటే తన రాతికంటె బిడ్డ చదువే కోరేవాడు. మనము మన పెద్దలను ప్రేమించక కాదు. నలుగురు ఏమంటారో అను భయము మనలను తినివేయుచున్నది. ఆ నలుగురి నోళ్లు మూయించుటకు ఒక్కటే దారి. కలిగినవాడు ముందుగా తగ్గించవలెను. బీదవాడు తగ్గిస్తే లేమి అంటారు. కలిగినవాడు తగ్గిస్తే సాక్ష్యమంటారు. ఐదు రూపాయలు అని వ్రాసిపెట్టినది ధనికురాలు గనుకనే ఆ మాటకు ఇంత బలము వచ్చినది.

కనుక ఈ శతవార్షికోత్సవ జ్ఞాపకముగా మూడు మనవులు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది. కలిగిన కుటుంబముల పెద్దలు తమ భూస్థాపన ఎంత సాదాగా జరుగవలెనో బ్రతికియుండగానే వ్రాసి పిల్లల చేతికి ఇవ్వండి. లేదా సంఘ కాపరి చేతికి ఇవ్వండి. మీరు పోయిన తరువాత మీ బిడ్డలు తగ్గించలేరు. వారికి ఆ ధైర్యము చాలదు. మీ చేవ్రాతతో ఉన్న కాగితమే వారికి కేడెము. మిగిలిన సొమ్ము ఒక పిల్ల చదువునకు వెళ్లునట్లు అదే కాగితములో వ్రాయండి.

రెండవది. మన స్త్రీలలో కలము పట్టగలవారున్నారు. పాఠశాల ఉపాధ్యాయినులున్నారు, నర్సులున్నారు, బైబిలు స్త్రీలున్నారు, ఇంటి పట్టున ఉండి పిల్లలకు కథలు చెప్పే అమ్మమ్మలున్నారు. పురుషోత్తమ చౌదరి గారి వంటివారు 19వ శతాబ్దములో తెలుగులో కీర్తనలు వ్రాసియుండకపోతే నేడు మన ఆరాధనలో నోరు ఎంత బోసిపోయేదో ఆలోచించండి. ఆదివారపు బడి పిల్లలకు మన ఊళ్ల పేర్లతో, మన వంటిండ్ల వాసనతో కథలు కావలెను. ఆంగ్లము నుండి తెచ్చుకొన్న పాఠములు ఎన్నాళ్లు? మిస్ టక్కర్ గారు ముగ్గురు పిల్లల కొరకు మొదలుపెట్టారు. మీ ఇంట్లో ఒక్కరున్నా చాలును. వ్రాసినదానిని అచ్చువేయుటకు కలిగినవారు ముందుకు రావలెను. గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు వ్రాయించుకొనవచ్చును. పుస్తకము అచ్చువేయిస్తే పేరు కనబడకపోవచ్చును, పని మాత్రము మనుమల దాక నడుచును.

మూడవది. ఆస్తిలేని సహోదరీలకు ఒక మాట. ఈ కథ విని, మాకు పోర్ట్‌లండ్ ప్లేసు ఇల్లు లేదు గదా అనుకొనవద్దు. పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యము కడుగుటకు ముందు ఒక పిడికెడు దేవునికని వేరే కుండలో వేసే అలవాటు మన తల్లులది. 1912లో దోర్నకల్లుకు బిషప్పు అయిన అజరయ్య గారి కాలము నుండి ఇవ్వటము ఆరాధనలో భాగమని మన పల్లె సంఘములు నేర్చుకొన్నవి. ఆ పిడికెడు బియ్యముతో ఎన్నో గుడులకు పైకప్పులు పడినవి, ఎందరో ఉపదేశకులు అన్నము తిన్నారు. విధవరాలి రెండు కాసులను చూచిన కన్ను మన కుండలోని పిడికెడును కూడ చూచినది. ధనికురాలు అన్నీ ఇచ్చుట, బీదరాలు పిడికెడు ఇచ్చుట, దేవుని త్రాసులో రెండును ఒకే వైపు వేయబడును. త్రాసులో రెండవ వైపున ఉన్నది, ఉండియు ఇవ్వనివాడు.

నూరు సంవత్సరముల క్రిందట మన సంఘములకు సువార్త తెచ్చినవారిలో చాలమంది సమాధులు నేడు మనకు కనబడవు. గడ్డి మొలచినవి, రాళ్లు పడిపోయినవి. అందుకు విచారించవద్దు. ఈ దినమున ఇక్కడ కూర్చున్న మీరే వారి సమాధిరాళ్లు. చదువు వచ్చిన ప్రతి స్త్రీ ఒక రాయి, ప్రార్థన వచ్చిన ప్రతి బిడ్డ ఒక రాయి. ఇంకొక నూరు సంవత్సరములకు మన తరువాతివారు ఇట్లే కూడుకొన్నప్పుడు, మన పాలరాళ్లను కాక మనము చదివించిన పిల్లల సంతానమును చూచి దేవుని స్తుతించునట్లు మనము బ్రతుకుదుము గాక.

అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.